శుక్రవారపు ట్యూనా క్యాసరోల్

అమెరికాలోని ఒహాయోలో మేము పెరిగిన వీధిలో, ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస దినాల్లో, శుక్రవారం మాంసం ముట్టని క్యాథలిక్ పొరుగువారు తప్పకుండా వండినది ట్యూనా క్యాసరోల్, అంటే ట్యూనా చేప కలిపి ఓవెన్‌లో చేసే వంటకం. ఉడికించిన ఎగ్ నూడుల్స్‌లో డబ్బా ట్యూనా, బఠాణీలు, కాసిని పాలు, క్యాంప్‌బెల్ సంస్థ 1934లో అమ్మకానికి తెచ్చిన క్రీమ్ ఆఫ్ మష్రూమ్ అనే పుట్టగొడుగుల డబ్బా సూప్ కలిపి, లోతైన గాజు పాత్రలో సర్ది, 350 డిగ్రీల ఫారన్‌హీట్ వేడిలో సుమారు అరగంట ఓవెన్‌లో ఉంచేవారు. పైన నలిపి చల్లిన ఆలూ చిప్స్ అంచుల వెంట ఎర్రగా వేగి కరకరలాడేవి కనుక, పిల్లలందరం ఆ అంచు ముక్క కోసమే పోటీపడేవాళ్లం. మధ్యభాగం, నిజం చెప్పాలంటే, చప్పిడి ముద్దే. మా అమ్మ అదే వంటకంలో ఉల్లిపాయలు, పచ్చిమిర్చి వేయించి కలిపి, మిరియాల పొడి దట్టించేది. పొరుగింటి పెద్దావిడ ఒక ముద్ద తిని, మంచినీళ్లు అడిగి, ఆ వెంటనే మారు వడ్డించుకున్నారు.

ఇప్పుడు డబ్బా సూప్‌కు బదులుగా వెన్న, మైదా, పాలతో సాస్ కాచి, తాజా పుట్టగొడుగులు వేసే పద్ధతిని చాలామంది మెచ్చుకుంటున్నారు. రుచిలో అది మెరుగే, సందేహం లేదు. అయితే ఉద్యోగం నుంచి అలసి వచ్చినవారు రెండు డబ్బాలు తెరిచి ముగించగలగడమే ఈ వంటలోని సుగుణమని నమ్ముతాను గనుక, నేను మాత్రం డబ్బా సూప్‌తోనే, అమ్మ పచ్చిమిర్చితో సహా, చేస్తున్నాను.