ఉడుత వేటకి తక్కువ ఖర్చులో, తేలికగా ఉండే ఎయిర్ రైఫిల్: ఏం చూసి కొనాలి

ముందుగా చట్టం సంగతి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా భారతదేశమంతటా వేట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. అక్కడ లైసెన్స్ లేకుండా దొరికే ఎయిర్ రైఫిల్ (.177 క్యాలిబర్, అంటే బ్యారెల్ లోపలి వెడల్పు అంగుళాల్లో; శక్తి 20 జౌల్స్ లోపు) టార్గెట్ ప్రాక్టీసుకి మాత్రమే. పొలంలో కుందేలు కనిపించినా, కొమ్మ మీద పావురం వాలినా దాని మీదికి గురిపెట్టకూడదు. ఈ పోస్టు అమెరికాలో ఉంటూ, హంటింగ్ లైసెన్స్ తీసుకుని ఉడుతలు, కాటన్‌టెయిల్ కుందేళ్లు కొట్టాలనుకునే మనవాళ్ల కోసం.

అమెరికా ఫెడరల్ చట్టం పేలుడు పదార్థంతో గుండును విసిరేదాన్నే ఫైర్‌ఆర్మ్ అంటుంది. గాలితో కొట్టేది అందులోకి రాదు. వీసా మీద ఉన్నవాళ్లకి ఫైర్‌ఆర్మ్ విషయంలో ఆంక్షలుంటాయి కాబట్టి హెచ్1బీ వాళ్లకి ఇది తెలిసి ఉండాల్సిన తేడా. రాష్ట్రాల చట్టాలు మాత్రం వేరు. న్యూజెర్సీలో ఎయిర్ రైఫిల్‌ని కూడా ఫైర్‌ఆర్మ్‌గానే చూస్తారు, ఫైర్‌ఆర్మ్స్ ఐడీ కార్డు లేకుండా కొనలేరు. ఎడిసన్‌లో ఉండేవాళ్లు పక్క రాష్ట్రం నుంచి తెచ్చుకుందామని అస్సలు అనుకోవద్దు. ఏ జంతువుకి ఎంత క్యాలిబర్ ఉండాలి, ఎంత వేగం ఉండాలి, అసలు ఎయిర్‌గన్‌కి అనుమతి ఉందా అన్నది మీ రాష్ట్ర వన్యప్రాణి శాఖ ఆ ఏడాది వేసిన రూల్స్ పుస్తకంలో ఉంటుంది. అది చదివాకే డబ్బు తీయండి.

ఇక అసలు విషయం. కొత్తగా కొనేవాళ్లని బోల్తా కొట్టించేది డబ్బా మీద పెద్దక్షరాలతో ఉండే వేగం. సెకనుకు 1200 అడుగులు అని రాస్తారు. ఆ అంకె ఈకలాంటి అల్లాయ్ పెల్లెట్‌తో (ఎయిర్ రైఫిల్లో వేసే చిన్న గుండు) వచ్చింది. మామూలు సీసం పెల్లెట్ వేస్తే వేగం బాగా తగ్గుతుంది. తగ్గకపోతే ఇంకా నష్టం. 1100 అడుగుల దరిదాపుల్లో శబ్దవేగం దగ్గర పెల్లెట్ ఊగిపోతుంది, గురి చెదురుతుంది, పైగా తుపాకీ పేలినట్టు టప్పుమంటుంది.

చూడాల్సింది శక్తి. లెక్క సులువే. వేగాన్ని వేగంతో హెచ్చవేసి, దాన్ని పెల్లెట్ బరువుతో (గ్రెయిన్లలో, అంటే గుండు బరువు చెప్పే చిన్న కొలతలో; డబ్బా మీద రాసి ఉంటుంది) హెచ్చవేసి, 450240తో భాగించండి. శక్తి ఫుట్-పౌండ్లలో వస్తుంది. 14.3 గ్రెయిన్ల .22 పెల్లెట్ 650 అడుగుల వేగంతో వెళ్తే 13.4 ఫుట్-పౌండ్లు. ముప్పై గజాల దగ్గర కూడా పది మిగులుతుంది. ఉడుత తలకి తగిలితే అయిదారు చాలు. అంటే ఉడుతకీ కుందేలుకీ కావాల్సిన శక్తి చాలా తక్కువ, దొరకనిదల్లా గురి. ఉడుత తలలో కంటికీ చెవికీ మధ్య మీరు కొట్టాల్సిన చోటు అంగుళం కూడా ఉండదు. ఆ అంగుళంలో ప్రతిసారీ వేయలేని తుపాకీ ఎంత బలంగా కొట్టినా ఆ ప్రాణిని హింస పెట్టడమే అవుతుంది.

తేలికదనం విషయంలో కూడా ఇదే గుర్తుపెట్టుకోవాలి. బరువు తగ్గితే అన్ని రకాల తుపాకులూ ఒకేలా ప్రవర్తించవు.

స్ప్రింగ్ తుపాకీ, అంటే బ్యారెల్ మడిచి లోపలి స్ప్రింగ్‌ని బిగించేది (దీన్నే కాక్ చేయడం అంటారు), చవక. పంపూ సిలిండరూ ఏమీ అక్కర్లేదు. కానీ ట్రిగ్గర్ నొక్కగానే లోపల బరువైన పిస్టన్ ముందుకు దూసుకెళ్తుంది, తుపాకీ వెనక్కి తంతుంది, పిస్టన్ చివర ఆగగానే ముందుకు లాగుతుంది. ఇదంతా పెల్లెట్ బ్యారెల్ దాటకముందే జరిగిపోతుంది. తుపాకీ బరువుంటే ఈ కుదుపుని కొంత మింగేస్తుంది. తేలికైతే మొత్తం మీ భుజానికీ గురికీ తగులుతుంది. అందుకే ఆరు పౌన్ల లోపు బరువు, భారీ స్ప్రింగ్, చవక ధర మూడూ కలిసిన మోడల్ కనిపిస్తే దాన్ని వదిలేయండి. గ్యాస్ పిస్టన్ అని రాసి ఉన్నా సంగతి ఇదే, కుదుపు ఇంకాస్త చురుగ్గా ఉంటుంది.

తేలికైన స్ప్రింగ్ తుపాకీయే కావాలంటే శక్తి తగ్గించుకోవాలి. వైరాఖ్ హెచ్‌డబ్ల్యూ 30 ఎస్ దీనికి మంచి ఉదాహరణ. అయిదున్నర పౌన్లు, ఇంచుమించు 7 ఫుట్-పౌండ్లు, కాక్ చేయడం తేలిక, ట్రిగ్గర్ ఆ ధరలో మరెక్కడా దొరకదు. దీంతో ఇరవై గజాలు దాటి కొట్టకూడదు. ధర కూడా మూడు వందల డాలర్లు దాటుతుంది కాబట్టి ఇది అందరి బడ్జెట్‌కీ సరిపడదు. స్ప్రింగ్ తుపాకీని చెట్టుకి ఆనించి కొట్టకూడదు, గట్టిగా పట్టుకోకూడదు. ఎడమ అరచేయి తెరిచి, ట్రిగ్గర్ గార్డుకి కాస్త ముందు దాని మీద తుపాకీని పడుకోబెట్టాలి, అంతే. తుపాకీని ఎంత కదిలితే అంత కదలనివ్వాలి, ప్రతిసారీ ఒకేలా కదలనివ్వాలి. పెల్లెట్ పెట్టేటప్పుడు ఇంకో చేత్తో బ్యారెల్‌ని వదలకుండా పట్టుకోండి. లాచ్ జారితే బ్యారెల్ ఎగిరి వేళ్లు నలుగుతాయి.

కార్బన్ డయాక్సైడ్ క్యాప్సూల్ తుపాకులు తేలికే, చవకే. కానీ వేట కాలం చలికాలం. 70 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర క్యాప్సూల్‌లో 850 పీఎస్ఐ దాకా ఉండే ఒత్తిడి, నీళ్లు గడ్డకట్టే చలిలో 500కి పడిపోతుంది. పొద్దున్నే ఆరింటికి అడవిలో గుండు ఎక్కడ పడుతుందో మీకే తెలియదు. వేటకి వద్దు.

బడ్జెట్ తక్కువ ఉన్నవాళ్లకి మల్టీ పంప్ నా మొదటి మాట. ముందు చెక్కని లివర్‌లా ఆడించి గాలి నింపుతారు. కుదుపు దాదాపు ఉండదు కాబట్టి తేలికగా ఉన్నా గురికి నష్టం లేదు. చెట్టుకి ఆనించి నిశ్చింతగా కొట్టొచ్చు. క్రాస్‌మన్ 362, బెంజమిన్ 392 రెండూ .22, రెండూ ఆరు పౌన్ల లోపే, గరిష్ఠంగా ఎనిమిది పంపులు. తొమ్మిదోది కొడితే బలం పెరగదు సరికదా, వాల్వ్ పూర్తిగా తెరుచుకోక గాలి లోపలే మిగిలిపోతుంది, సీళ్లు పాడవుతాయి. ఇబ్బంది ఏంటంటే ప్రతి గుండుకీ మళ్లీ ఎనిమిది పంపులు, ఆ టకటక చప్పుడుకి ఉడుత చెట్టు వెనక్కి తిరిగిపోతుంది. కూర్చునే ముందే పంపులు కొట్టి, లోడ్ చేసి, సేఫ్టీ వేసుకుని ఎదురుచూడాలి. పాత తరం 392కి బ్యారెల్ మీద స్కోప్ బిగించే క్లాంపులు దొరుకుతాయి కానీ గట్టిగా బిగిస్తే బ్యారెల్‌కీ పంపు గొట్టానికీ మధ్య సోల్డర్ అతుకు ఊడొచ్చు. స్కోప్ లేకుండా, బ్యారెల్ మీదే ఉండే ఇనుప సైట్లతోనే నేర్చుకోవడం మేలు. ఇంట్లో పెట్టేటప్పుడు పెల్లెట్ తీసేసి ఒక పంపు గాలి ఉంచితే సీల్ నిలుస్తుంది, కానీ ఆ గాలి ఉందన్న సంగతి ఇంట్లో అందరికీ తెలియాలి, తాళం వేసి ఉంచాలి.

రెండు వందల డాలర్లు దాటగలిగితే పీసీపీ, అంటే ముందే గాలి నింపి ఉంచే రకం. ఇక్కడ చాలామంది గాలి గొట్టం ఎంత పెద్దదైతే అంత మంచిదనుకుంటారు. తక్కువ ఖర్చులో వేటాడాలనుకునేవాళ్లకి అది తలకిందుల ఆలోచన. లెక్క చూడండి. 50 సీసీల గొట్టంలో ఒత్తిడి 150 బార్ నుంచి 250కి పెంచాలంటే 50ని 100తో హెచ్చవేయండి, అయిదు లీటర్ల మామూలు గాలి కావాలి. చేతి పంపు ఒక్కో స్ట్రోకుకి వంద మిల్లీలీటర్లు కూడా ఎక్కించదు, కాబట్టి అరవై పైచిలుకు స్ట్రోకులు. అదే 300 సీసీల సిలిండర్ అయితే ముప్పై లీటర్లు, స్ట్రోకులు నాలుగు వందలకి చేరతాయి. అప్పుడు కంప్రెసర్ కొంటారు, తుపాకీ కన్నా దాని ధరే ఎక్కువవుతుంది. వేటలో రోజుకి కొట్టేది అయిదారు గుండ్లే. చిన్న గొట్టం ఉన్నది తేలిగ్గా ఉంటుంది, చేతి పంపుతో గడిచిపోతుంది.

ఈ తరహాలో యుమారెక్స్ నోటోస్ నాలుగు పౌన్ల లోపే, ఏడు గుండ్ల మ్యాగజీన్, 250 బార్ నింపాలి. శక్తి ఇంచుమించు 12 ఫుట్-పౌండ్లు. డయానా స్టార్మ్‌రైడర్ అయిదు పౌన్లుంటుంది, 200 బార్‌తోనే నడుస్తుంది, ఆ తక్కువ ఒత్తిడి వల్ల పంపు కొట్టడం తేలిక. పంపుకి మరో వంద డాలర్లు ముందే పక్కన పెట్టుకోండి. పంపు నెమ్మదిగా కొట్టండి, పైనా కిందా ఒక క్షణం ఆపండి. యాభై స్ట్రోకులకోసారి ఆపి, పంపులో ఒత్తిడి వదిలే బ్లీడ్ స్క్రూ తిప్పితే సన్నటి నీటి తుంపర్లు బయటికొస్తాయి. ఆ తేమే గొట్టంలోకి వెళ్తే లోపల తుప్పు. ఓ-రింగులకి (గాలి బయటికి పోకుండా ఆపే రబ్బరు వలయాలు) సిలికాన్ గ్రీజు మాత్రమే రాయాలి. మామూలు నూనె అంత ఒత్తిడిలో అంటుకుని పేలొచ్చు. గాలి తప్ప ఆక్సిజన్ లాంటివి నింపకూడదు.

తుపాకీ బరువు చదివేటప్పుడు స్కోప్, రింగులు, స్లింగ్ కలిపి చూడండి. అయిదు పౌన్ల తుపాకీ మీద ఒకటింబావు పౌన్ల స్కోప్ పెడితే తేలికదనం పోయినట్టే, పైగా బరువంతా పైకెక్కి పక్కకి ఒరుగుతుంది. 4x32 లాంటి చిన్న స్కోప్ చాలు, కానీ పదిహేను, ఇరవై గజాల దగ్గర బొమ్మ స్పష్టంగా కనిపించాలి. పెద్ద తుపాకులకి చేసిన స్కోపులు వంద గజాలకి సర్ది ఉంటాయి, దగ్గర్లో కన్ను కాస్త జరిగినా గురి జరుగుతుంది. స్ప్రింగ్ తుపాకీకి ఎయిర్‌గన్ రేటెడ్ అని రాసి ఉన్నదే కొనండి. ఆ రెండు వైపుల కుదుపుకి మామూలు స్కోప్ లోపల విరిగిపోతుంది.

కొన్న రోజే, తుపాకీ ఖాళీగా ఉందని చూసుకుని, బ్యారెల్ మూతి అంచు లోపల చెవిపుల్ల తిప్పండి. దూది పోగు ఎక్కడైనా చిక్కుకుంటే అక్కడ లోహం గరుకుగా ఉన్నట్టు. పెల్లెట్ బయటికొచ్చే ఆఖరి క్షణంలో ఆ గరుకే దాన్ని పక్కకి తోస్తుంది. మార్చి ఇవ్వమని అడగండి.

తర్వాత పెల్లెట్లు. క్రాస్‌మన్ 14.3, హెచ్ అండ్ ఎన్ 14.66, జేఎస్‌బీ 13.43, 15.89 గ్రెయిన్ల డబ్బాలు తెచ్చి, ఒక్కో రకంతో ఇరవై గజాల దగ్గర అయిదేసి గుండ్లు రెండు మూడు సార్లు కొట్టండి. రకం మార్చినప్పుడల్లా లెక్కలోకి రాని పది గుండ్లు ముందు వదలండి, బ్యారెల్‌కి కొత్త సీసం అలవాటు కావాలి. అయిదూ క్వార్టర్ నాణెం కింద దాగేలా పడే రకాన్నే ఎంచుకుని, రెండు మూడు డబ్బాలు తీసి పెట్టుకోండి. కొత్త స్ప్రింగ్ తుపాకీ అయితే మొదటి అయిదు వందల గుండ్ల దాకా తీర్పు చెప్పొద్దు. మధ్యలో స్టాక్ స్క్రూలు చూస్తూ ఉండండి. గురి ఉన్నట్టుండి పాడైందంటే చాలాసార్లు తప్పు ఆ వదులైన స్క్రూదే.

సైటింగ్, అంటే గురిపెట్టిన చోటే గుండు పడేలా స్కోప్ సర్దడం, ఇరవై అయిదు గజాలకి చేయండి. 650 అడుగుల వేగం, స్కోప్ అంగుళంన్నర ఎత్తు అనుకుంటే పది గజాల నుంచి ఇరవై అయిదు దాకా పెల్లెట్ పావు అంగుళం కూడా తేడా రాదు, నేరుగా గురిపెట్టొచ్చు. ముప్పై దగ్గర అర అంగుళం కిందపడుతుంది. ముప్పై అయిదు దగ్గర అంగుళం పైన, అంటే తలకి గురిపెడితే దవడ విరుగుతుంది. అందుకే ముప్పై దాటిన ఉడుతని వదిలేయండి. గజాలు కంటితో అంచనా వేయడం కష్టమైతే కూర్చున్న చోటి నుంచి ముందే అడుగులు కొలిచి రెండు చెట్లు గుర్తుపెట్టుకోండి.

ఉడుత కొమ్మ చివర ఉండి, దాని వెనకాల ఆకాశమే ఉంటే కొట్టొద్దు, తప్పిన పెల్లెట్ వందల గజాలు పోతుంది. ఉడుత వెనకాల మాను అడ్డుగా ఉన్నప్పుడే ట్రిగ్గర్ నొక్కాలి. కుందేలుని కోసేటప్పుడు గ్లౌజులు వేసుకోండి, తులరేమియా రక్తం ద్వారా అంటుకుంటుంది. మాంసం లోపలిదాకా బాగా ఉడకాలి. పెల్లెట్లు ముట్టుకున్న చేతులు సబ్బుతో కడిగాకే లంచ్ బాక్స్ తెరవండి, అది సీసం.