గర్భానికి ముందు ఐరన్ మాత్రలు: నా అనుభవం

రెండో బిడ్డను కనాలనుకున్నాక, సీతాఫల్‌మండిలో మా ఇంటి దగ్గరి బస్తీ దవాఖానాలో రక్తపరీక్ష చేయించుకుంటే హిమోగ్లోబిన్ 9.8 వచ్చింది. గర్భం లేని స్త్రీకి డెసీలీటరుకు కనీసం 12 గ్రాములు ఉండాలి. "నెల తప్పాక మొదలుపెడితే బిడ్డ అవసరాలకే చాలదమ్మా, నిల్వ ఇప్పుడే పెంచుకోవాలి" అన్నారు డాక్టరమ్మ. అయితే మాత్రలు రాసే ముందు ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్‌ పరీక్షతో పాటు, తలసీమియా లక్షణాన్ని పట్టిచ్చే హెచ్‌బీఏ2 పరీక్ష కూడా బయట ల్యాబులో చేయించుకు రమ్మన్నారు. తలసీమియా అనేది వంశపారంపర్యంగా వచ్చే రక్తపు జబ్బనీ, జబ్బు పడకుండా దాని జన్యువును మాత్రమే మోసే, అంటే తలసీమియా లక్షణం ఉన్నవారిలోనూ హిమోగ్లోబిన్ తగ్గవచ్చనీ, ఆ లక్షణం భార్యాభర్తలిద్దరికీ ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు తీవ్రమైన జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతనీ ఆమె వివరించారు. నాకు ఆ లక్షణం లేదు, ఐరన్ నిల్వలే అడుగంటాయి.

ఐరన్‌తో పాటు రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇచ్చారు. బిడ్డ మెదడు, వెన్నుపాము రూపొందే నాళం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది కనుక, గర్భం సంగతి తెలిశాక వేసుకునే మాత్ర ఆ పనికి చాలావరకు ఆలస్యమే.

వికారం, మలబద్ధకం బాగా ఇబ్బంది పెట్టాయి. డాక్టరమ్మను అడిగితే ఐరన్ రోజు విడిచి రోజు వేసుకోమన్నారు. మలం నల్లబడితే కంగారు పడవద్దన్నారు. ఐరన్ ఒంటికి పట్టడానికి అడ్డుపడకుండా, నేను వేసుకునే కాల్షియం మాత్రను రాత్రికి మార్చుకున్నాను. అన్నిటికంటే కష్టమైంది చాయ్. భోజనం కాగానే తాగే చాయ్ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదని, దాన్ని సాయంత్రానికి జరిపి, ఐరన్ బాగా పట్టేందుకు అన్నం తర్వాత జామకాయ తినడం అలవాటు చేసుకున్నాను. హైదరాబాదులో ఉంటూ ఇది చిన్న త్యాగమేమీ కాదు.

మా అత్తయ్యకు మాత్రం ఐరన్ మాత్రలు మింగితే బిడ్డ నల్లగా పుడుతుందని భయం. ఆరోగ్య కార్యకర్త అయిన ఏఎన్ఎం ఇంటికి వచ్చినప్పుడు, "రంగుకూ మాత్రకూ సంబంధం లేదమ్మా, కాన్పులో రక్తం పోయినప్పుడు కోడలికి ఆసరా ఉండాలి కదా" అని నచ్చజెప్పాక ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

అదే రోజు మా మూడేళ్ల పాప సంగతీ చర్చకు వచ్చింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. ఈ వయసు పిల్లలకు వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 1 మిల్లీలీటరు ఐరన్ సిరప్ ఇవ్వాలి. అందులో 20 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. పాప సగం ఉమ్మేసేది. చెంప లోపలివైపు కొద్దికొద్దిగా పోయడం నేర్చుకున్నాక దారికి వచ్చింది. పాలతోనే కడుపు నింపుకునే అలవాటు తగ్గించి, పప్పు తోటకూర, గుడ్డు పెంచాము.

ఈమధ్య నా హిమోగ్లోబిన్ 12 దాటింది. నిల్వలు నిండేదాకా మరికొన్ని నెలలు మాత్రలు ఆపవద్దనీ, గర్భం వస్తే మొదటి మూడు నెలలు ఫోలిక్ యాసిడ్, నాలుగో నెల నుంచి రోజూ ఐరన్ మాత్ర కనీసం 180 రోజులు వేసుకోవాలనీ డాక్టరమ్మ చీటీ మీద రాసిచ్చారు.