విండోస్ ఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కు

నా ఫోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ అయిన విండోస్ ఫోన్ 8.1కు 2017 జూలై 11న మైక్రోసాఫ్ట్ మద్దతు (అప్‌డేట్లు) ముగిసిన తరువాత కూడా, ఫోన్ చక్కగా పనిచేస్తున్నదన్న ఒకే కారణంతో నేను దానినే వాడుతూ వచ్చాను. అయితే 2019 డిసెంబరు 16న దాని యాప్ స్టోర్ మూతపడి, ఆ నెలాఖరుతో వాట్సాప్ సైతం విండోస్ ఫోన్లన్నింటిలోనూ ఆగిపోనుండడంతో ఆండ్రాయిడ్‌కు మారక తప్పలేదు.

కాంటాక్టులు, క్యాలెండరు మైక్రోసాఫ్ట్ ఖాతాలోనే భద్రంగా ఉన్నందువల్ల, కొత్త ఫోన్‌లో అదే ఖాతాతో లాగిన్ కాగానే వచ్చేశాయి. ఫొటోలను కంప్యూటరు ద్వారా ఎక్కించుకున్నాను. చిక్కంతా వాట్సాప్‌తోనే వచ్చింది. విండోస్ ఫోన్‌లో సంభాషణల బ్యాకప్ మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ అయిన వన్‌డ్రైవ్‌లోకి చేరేది. ఆండ్రాయిడ్‌లోని వాట్సాప్ గూగుల్ డ్రైవ్‌లో దాచిన బ్యాకప్‌ను వెతుకుతుంది కనుక, నంబరూ గ్రూపులూ యథాతథంగా కొనసాగినా పాత సంభాషణలు మాత్రం రాలేదు. ముఖ్యమైనవాటిని పాత ఫోన్ నుంచే ఒక్కొక్కటిగా ఈమెయిలుకు పంపుకోవాల్సి వచ్చింది. విసుగు పుట్టించే పనే, కానీ వేరే దారి లేకపోయింది.

యాప్‌ల విషయంలో ఆండ్రాయిడ్‌తో విండోస్ ఫోన్‌కు పోలికే లేదు. అయినా యాప్ తెరవకుండానే వాతావరణాన్నీ, చదవని ఉత్తరాల సంఖ్యనూ చూపే, విండోస్ ఫోన్ తెరమీది పలకలైన లైవ్ టైల్స్‌కు ఆండ్రాయిడ్ విడ్జెట్లు సాటి రావని నా అభిప్రాయం. కొత్త యాప్ పెట్టుకున్న ప్రతిసారీ అది అడిగే అనుమతులను ఆగి చదవడం కూడా అవసరమే. టార్చి యాప్‌కు కాంటాక్టులతో పనేముంటుంది?