తొమ్మిదిన్నరకు గేటు

మంగళవారం, రాత్రి

ఆఫీసు నుంచి వస్తూ అమీర్‌పేటలో మెట్రో దిగాను. అక్క కూతురు కరీంనగర్ నుంచి వచ్చి ఇక్కడే హాస్టల్లో ఉంటూ సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకుంటోంది. మైత్రీవనం చుట్టూ గోడల నిండా జావా, పైథాన్, డేటా సైన్స్. ఖాళీ దొరికిన చోటల్లా లేడీస్ హాస్టల్ ప్రకటనలు.

"సాయంత్రం బ్యాచ్ మానేశాను పిన్నీ" అంది.

ఆ బ్యాచ్‌కే మంచి సారు వస్తారట. పగలు కంపెనీలో పనిచేస్తారు కాబట్టి పుస్తకంలో లేనివి చెబుతారు. క్లాసు తొమ్మిదికి అయిపోతుంది, అసలు సందేహాలు ఆ తరువాతే మొదలవుతాయి. హాస్టల్ గేటు తొమ్మిదిన్నరకు వేసేస్తారు. ఆలస్యమైతే వార్డెన్ అక్కకు ఫోన్ చేస్తుంది, అక్క బావకు చెబుతుంది, బావ "నేర్చుకున్నది చాలు, వచ్చేయ్" అంటాడు. పక్క వీధిలో మగపిల్లల హాస్టలుకు తాళం వేస్తారో లేదో కూడా ఎవరికీ తెలియదు.

మొన్న ఒక ఇంటర్వ్యూలో "రాత్రి షిఫ్టుకు ఇంట్లో ఒప్పుకుంటారా?" అని అడిగారట. తనకన్నా ముందు లోపలికి వెళ్లిన అబ్బాయిని అడగలేదు. బయటికొచ్చాక వాడినే అడిగి తెలుసుకుంది, గడుసుపిల్ల!

అయితే ఆ ప్రశ్న గాలిలోంచి పుట్టింది కాదు. ఈ ఊళ్లో మా సాఫ్ట్‌వేర్ పని అమెరికా గడియారంతో నడుస్తుంది. చలికాలంలో న్యూయార్క్‌లో ఉదయం పదయితే మనకు రాత్రి ఎనిమిదిన్నర, శాన్‌ఫ్రాన్సిస్కోలో తొమ్మిదయితే పదిన్నర. ఎవరికి ఏ పని అన్నది తేలేది ఆ కాల్స్‌లోనే. మా టీములో ఒకామె బాబు పుట్టాక రాత్రి కాల్స్‌కు రాలేకపోతోంది. ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. కొత్త డిజైన్ పని మాత్రం ఇంకొకరికి వెళ్లింది. ప్రసూతి చట్టానికి 2017లో చేసిన సవరణ ప్రకారం 26 వారాల సెలవు ఇచ్చారు; 50 మంది గానీ అంతకు మించి గానీ ఉన్న సంస్థలో పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలి, అదీ ఉంది. అది సాయంత్రానికే మూసేస్తారు.

2014లో ఆడవాళ్లను వేధించేవాళ్లను పట్టుకునే పోలీసు బృందాలు, షీ టీమ్స్ వచ్చాక బస్టాపుల్లో కొంత తేడా వచ్చింది, కాదనను. 2023 డిసెంబరు నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. ఇంత చేసి రోడ్డు మీదికి పంపించి, ఇంటికి రావలసిన వేళ మాత్రం మన తాతల కాలంలోనే ఉంచాం.

వార్డెన్‌తో మాట్లాడాను. ఆవిడ మీద కోపం తెచ్చుకోవడం సులువే గానీ, "ఏదైనా జరిగితే అందరూ నన్నే కదమ్మా అడుగుతారు" అంటే ఏమని జవాబు చెప్పను? చివరికి ఒక మాటకు వచ్చింది: తండ్రి సంతకంతో ఉత్తరం ఉంటే పదిన్నర వరకు గేటు తీస్తుంది.

పిన్ని సంతకం చెల్లదా అని అడిగాను. చెల్లదట.

రేపు పొద్దున్నే బావకు ఫోన్ చేయాలి. అక్కకు ముందుగా చెప్పకూడదు, చెబితే ఆమే భయపడి వద్దంటుంది.