పేర్లు రాయని వాంగ్మూలాలు: నా అనుభవం

చర్చి సాంఘిక సేవా విభాగంలో నేను మొదట పొదుపు సంఘాలు, హాస్టలు పిల్లలు, పింఛను దరఖాస్తులు చూసేవాణ్ణి. తర్వాత విధానాల పని అప్పగించారు. పల్లెల్లో మాకు కనిపించేదాన్ని ప్రభుత్వం ముందు, కోర్టు ముందు నిలబడేలా కాగితం మీద పెట్టడమే ఆ పని. 2022 అక్టోబరులో మతం మారిన దళితులకు ఎస్సీ హోదా ఇవ్వవచ్చా అని పరిశీలించడానికి కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను నియమించాక, దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ వినతిపత్రం తయారుచేసే బాధ్యత మాకు వచ్చింది.

చట్టం సంగతి రాయడం తేలికే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉండిపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవం స్వీకరించిన ఎస్సీలు వెనుకబడిన తరగతుల్లోని సీ గ్రూపు (బీసీ-సీ) కిందికి వస్తారు. అక్కడ రిజర్వేషను ఒక్క శాతం.

కష్టమంతా సాక్ష్యం దగ్గరే. మతం మారాక కూడా కులం వల్ల వచ్చే బాధలు కొత్త మతంలో అంతే తీవ్రంగా ఉన్నాయని చూపించాలని 1985లో దళిత క్రైస్తవుడు సూసై వేసిన కేసులో సుప్రీంకోర్టు అంది. చూపించాలంటే మనుషులు నోరు విప్పాలి.

ఒక పల్లెలో, అంటే దళితవాడలో, ఆరాధన ముగిశాక, చాపలు చుడుతున్న ఒక అక్కను కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టాను.

"పేరు రాస్తారా అన్నా?" అంది.

రాయాలన్నాను.

"అయితే నన్ను వదిలెయ్యండి. మా వాడి ఫీజు ఆ సర్టిఫికెట్ మీదే నడుస్తోంది."

కొడుకు కుల ధ్రువపత్రంలో హిందూ అని ఉంది. తల్లి పేరు బాప్తిస్మం తేదీతో సహా సంఘం రిజిస్టరులో ఉంది. ఈ రెండు కాగితాలూ ఒకచోట చేరితే కుర్రాడి చదువుకే ముప్పు. ఆమె మోసం చేస్తోందని ఎవరన్నా నేను ఒప్పుకోను. పల్లెలోనే పుట్టి, పల్లెలోనే ఉంటూ, ఊరివాళ్ల పొలంలోకి కూలికి వెళ్లే మనిషికి బాప్తిస్మంతో కులం పోయిందని చట్టం అంటోంది. ఊరు మాత్రం అలా అనుకోవడం లేదు.

దాంతో మాకొక పద్ధతి కుదిరింది. పేరు, ఊరు, సంఘం రాయం. మండలం, వయసు, చేసే పని రాస్తాం. ఫొటోలు లేవు, ఫోనులో రికార్డు చేయడం లేదు. రాసింది చదివి వినిపించి, వాళ్లు సరేనన్నాకే ఉంచుతాం. బీసీ-సీ ధ్రువపత్రం ఉన్నవాళ్లు, కొందరు పాస్టర్లు మాత్రం సంతకం పెట్టి అఫిడవిట్లు ఇచ్చారు. పేరు లేని మాటకు బలం చాలదని లాయరు అన్నారు. అందుకే మూడో పేరాను తొలగించమన్న 2007 నాటి రంగనాథ్ మిశ్రా కమిషన్ నివేదికనూ, 2008లో దళిత క్రైస్తవులు, ముస్లింల స్థితిగతులపై జాతీయ మైనారిటీల కమిషన్ కోసం సతీశ్ దేశ్‌పాండే చేసిన అధ్యయనాన్నీ జతచేశాం.

ఇంతకంటే పెద్ద పేచీ మా ఇంట్లోనే వచ్చింది. వాంగ్మూలాల్లో ఊరి హోటల్లో వేరు గ్లాసులతో పాటు చర్చి సంగతులూ ఉన్నాయి: సమాధుల తోటలో వేరు వరసలు, మాలలకూ మాదిగలకూ వేర్వేరు ఆరాధనలు, ఒకే విశ్వాసమైనా పిల్లనివ్వని అగ్రకుల కుటుంబాలు. "మన గుట్టు మనమే రచ్చకెక్కించాలా?" అని ఒక సంఘపెద్ద నిలదీశారు. ఆ అధ్యాయం తీసేస్తే వినతిపత్రమే వద్దన్నాను, ఎందుకంటే కోర్టు చూపించమన్నది సరిగ్గా అదే. భారత కేథలిక్ బిషప్పుల సమాఖ్య 2016లో వెలువరించిన దళిత సాధికారత విధానం చర్చిలో కులవివక్ష ఉందని ఒప్పుకుంది. ఆ ప్రతిని బల్లమీద పెట్టాను. చాలాసేపు వాదించుకున్నాం. అధ్యాయం ఉండిపోయింది.

2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ మా కోరికకు అనుకూలంగా తీర్మానం చేసింది. అయితే ఉత్తర్వును మార్చాల్సింది పార్లమెంటు. ఈలోగా మా కార్యకర్తలు పిల్లల బీసీ-సీ దరఖాస్తుల వెంట తిరుగుతున్నారు. ఆ వాంగ్మూలాలు ఏ ఊళ్లవో చెప్పమని, మంచి ఉద్దేశంతోనే, కొందరు మిత్రులు ఇప్పటికీ అడుగుతుంటారు. నేను చెప్పను.