ఇద్దరిలో ఎవరికి?

12 మే 2024, ఆదివారం

నిన్న సాయంత్రంతో మైకులు ఆగిపోయాయి. రేపే పోలింగ్. పార్లమెంటు ఓటు ఎవరికో నాకు ముందే తెలుసు. అసెంబ్లీ ఓటు దగ్గరే ఇవాళంతా టెన్షన్.

మా దగ్గర పోటీ హోరాహోరీగా ఉంది. ఎవరు గెలిచినా కొద్ది ఓట్ల తేడాయే అని టీకొట్టు దగ్గర నుంచి రేషన్ షాపు దాకా ఒకటే మాట. అంత గట్టి పోటీలో నిలబడ్డ ఇద్దరిలో ఒక్కరి మీదా నాకు మనసు పోవడం లేదు.

మధ్యాహ్నం వంట పనయ్యాక ఇద్దరి అఫిడవిట్లూ ఫోన్‌లో చదివాను. ప్రస్తుత ఎమ్మెల్యేగారు 2019లో ఇచ్చింది కూడా తీసి పక్కన పెట్టుకున్నాను. అయిదేళ్లలో స్థలాలు పెరిగాయి, వృత్తి మాత్రం వ్యవసాయమే. రెండో ఆయన కాంట్రాక్టరు. చెక్కు బౌన్సు కేసొకటి నడుస్తోంది. ఆఖరి నిమిషంలో టికెట్ తెచ్చుకుని మా ఊళ్లో ఇల్లు అద్దెకు తీసుకున్నారు.

ఎమ్మెల్యేగారు పెళ్లికి పిలిస్తే వస్తారు, చావుకి పిలవకపోయినా వస్తారు. అది చిన్న విషయమని నేననను. మామయ్యగారు పోయినప్పుడు వచ్చి అత్తయ్య పక్కన చాలాసేపు కూర్చున్నారు. కానీ ఆయన్ని పంపింది శాసనసభకి. అక్కడ మా ఊరి గురించి ఏం అడిగారో ప్రచారంలో ఒక్కసారీ చెప్పలేదు. ఇంటికొచ్చినప్పుడు భూమి హక్కుల మీద వచ్చిన ల్యాండ్ టైట్లింగ్ చట్టం గురించి అడిగాను. మా పుట్టింటి పొలం ఉంది కాబట్టి నాకది నిజంగా భయమే. "పెద్ద చట్టమమ్మా, మా లాయర్ చూస్తున్నారు" అన్నారు. రెండో ఆయన్నీ అదే అడిగితే పక్కనున్న కుర్రాడి వంక చూశారు. చట్టాలు చేసే సభకి వెళ్తామని ఓటడిగేవాళ్లు మన భూమి మీద వచ్చిన చట్టాన్ని చదవకపోతే ఎలా? ఆ రోజంతా నాకు బాధగానే ఉంది.

మరిది హైదరాబాద్ నుంచి బస్సు టికెట్‌కి రెట్టింపు పెట్టి వచ్చాడు. సంగతి విని, "ఇద్దరూ వద్దు వదినా, నోటా నొక్కేద్దాం" అన్నాడు. 2013లో సుప్రీంకోర్టు చెప్పాక వచ్చిన హక్కే అది, కాదనను. అయితే నోటాకే అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినా, ఆ తర్వాత ఎక్కువ వచ్చిన అభ్యర్థే ఎమ్మెల్యే. 2019లో విజయవాడ సెంట్రల్‌లో తేలింది 25 ఓట్లతో. మా వీధిలో రెండిళ్ల వాళ్లు కలిస్తే అంతమంది ఉంటారు. ఇంత దగ్గరి పోటీలో తప్పుకుంటే ఆ నిర్ణయం వేరేవాళ్లు చేస్తారని వాడితో గట్టిగానే వాదించాను.

కవర్లు పంచడానికి రెండు వైపుల వాళ్లూ వచ్చారు. మేం తీసుకోలేదు. మాకు ఇవ్వలేదేమని పక్క వీధివాళ్లు గొడవ పడటం చూస్తే కడుపు తరుక్కుపోయింది. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలట. ఆ కవర్లు ఏ లెక్కలో రాస్తారు?

చివరికి నాకు దారి చూపించింది మంచినీళ్లే. కాలవకి నీళ్లు ఆపేశాక మా ఊరికి సమ్మర్ స్టోరేజ్ ట్యాంకే, అంటే వేసవి కోసం నీళ్లు నిల్వచేసే చెరువే దిక్కు. ఉన్నది చాలదు, మే నెలలో రోజు విడిచి రోజు నీళ్లు. రెండో ట్యాంకు తవ్విస్తామని క్రితం ఎన్నికల్లో ఎమ్మెల్యేగారే మాటిచ్చారు. ఎమ్మెల్యే పదవి వల్ల ఆయన మున్సిపల్ కౌన్సిల్‌లో ఎక్స్ అఫీషియో సభ్యుడు కూడా. ఇప్పటికీ గంపెడు మట్టి తీయలేదు. కాంట్రాక్టరుగారిని అదే అడిగితే మాత్రం తడుముకోలేదు. ఏ చెరువు పక్క స్థలమో, దాని మీద ఏ తగాదా ఉందో, పంపు లైను ఎటు నుంచి లాగాలో వరసగా చెప్పారు. చట్టం తెలియని మనిషికి ఆ పని తెలుసు. అందుకే నా ఓటు ఆయనకి. సంతోషంగా వేస్తున్నానని మాత్రం అనలేను.

అత్తయ్యకి ఎనభై దాటాయి. ఇంటి దగ్గరే ఓటు వేసే వీలు 85 దాటినవాళ్లకేనట, కాబట్టి తీసుకెళ్లాలి. ఎండ ముదరకముందే, ఏడింటికల్లా లైనులో ఉండేలా ఆటో చెప్పాను. జూన్ 4న ఎవరు గెలిచినా ట్యాంకు గురించి వీధంతా సంతకాలు పెట్టిన అర్జీ వాళ్ల చేతికిస్తాం. దాన్ని రాయడం ఈ రాత్రే మొదలుపెట్టాను.