గంజాయి గురించి ఒక కుర్రాడి ప్రశ్న

నిన్న కావలిలో అధ్యయన తరగతి మధ్యలో ఒక కుర్రాడు లేచి అడిగాడు: "గంజాయిని చట్టబద్ధం చేస్తామంటే కమ్యూనిస్టులు ఏమనాలి?"

నాకు మా అమ్మే గుర్తొచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారని విని, మా ఊళ్లో సారా బండికి అడ్డంగా చీపురుతో నిలబడింది. సారా కొట్ల వేలం సొమ్ము ప్రభుత్వ ఖజానాకు, తాగొచ్చిన మొగుళ్ల దెబ్బలు మాత్రం ఆడవాళ్లకు. అందుకే మత్తు మీద లాభం గడించే హక్కు ఏ కంపెనీకీ ఉండకూడదంటాను. కెనడా 2018లో అనుమతించింది; అక్కడ గంజాయి కంపెనీల షేర్లు కొంటున్నారు, అమ్ముతున్నారు.

అలాగని జైలూ జవాబు కాదు. చైనా, క్యూబాల కఠిన నిషేధం నాకు నచ్చదు. మన 1985 మాదకద్రవ్యాల చట్టం కింద కిలోలోపు గంజాయి దొరికినా ఏడాది వరకు శిక్ష పడవచ్చు. మోసే కూలీ దొరుకుతాడు, పెట్టుబడి పెట్టినవాడు దొరకడు. ఉరుగ్వే 2013లో సాగును, అమ్మకాన్ని ప్రభుత్వ అదుపులోకి తెచ్చింది. ఆలోచించాల్సిన దారి అదే అనిపిస్తోంది.

రాత్రి ఇదంతా చెబితే అమ్మ ఒక్కటే అడిగింది: "ఆ అబ్బాయి ఇంట్లో ఎవరికైనా ఆ అలవాటు ఉందేమో కనుక్కున్నావా?"

కనుక్కోలేదు. ఆదివారం వెళ్లి కలుస్తాను.